జౌట్‌లేవ్ సెయింట్ లియోనార్డు చర్చి: లోపలి రాతి గోపురం ఏమిటి, 1566 నాటి విధ్వంసంలో ఎలా మిగిలింది?

ఒంగోలు చదువరి (ప్రశ్న):

బెల్జియంలోని లూవెన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు ఆ ఊరికి తూర్పున ఉన్న జౌట్‌లేవ్ అనే చిన్న పట్టణానికి వెళ్లి, అక్కడి సెయింట్ లియోనార్డు చర్చి ఫోటోలు కొన్ని పంపించాడు. వాటిని చూసినప్పటినుంచి నాకు కొన్ని సందేహాలు పట్టుకున్నాయి. ఇక్కడ చరిత్ర, శిల్పం, క్రైస్తవ సంప్రదాయాలు తెలిసినవారు ఉన్నారు గనుక అడుగుతున్నాను.

మాది బాప్టిస్టు కుటుంబం. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి పని మొదలుపెట్టిన సంఘం మాది. మా ఆలయాల గోడలకు సున్నం, వేదిక వెనుక ఒక వాక్యం, మహా అయితే ఉత్త సిలువ తప్ప మరేమీ ఉండవు. ఈ చర్చిలో మాత్రం ఏ మూల చూసినా ప్రతిమలే. అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది లోపలే, ఒక పక్కన, అంతస్తులు అంతస్తులుగా పైకప్పువైపు లేచి సన్నబడిపోయిన తెల్లరాతి కట్టడం. దానిమీద లెక్కపెట్టలేనన్ని బొమ్మలున్నాయి. అది సమాధి కాదు, బలిపీఠమూ కాదు. అదేమిటి? ఆలయం లోపల మళ్లీ ఒక గోపురం కట్టవలసిన అవసరం ఏమొచ్చింది?

రెండవ సందేహం. 1566లో ఆ దేశంలో ప్రొటెస్టంట్లు చర్చిలలోని ప్రతిమలను పెద్దఎత్తున పగలగొట్టారని చదివాను. అంతటి విధ్వంసంలో ఈ ఒక్క చర్చి సామాను చెక్కుచెదరకుండా ఎలా మిగిలింది? ఎవరైనా కాపాడారా, లేక అదృష్టమా?

పెన్నా తీరం, నెల్లూరు:

చదువరి గారూ, మీరు చూసినది దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరచే మందసం. మా కతోలికుల విశ్వాసం ప్రకారం బలిపూజలో ఆశీర్వదించిన అప్పం క్రీస్తు శరీరమే అవుతుంది, పూజ ముగిసినా అలాగే నిలిచి ఉంటుంది. అందువల్ల మిగిలినదాన్ని వ్యాధిగ్రస్తుల కోసం, ఆరాధన కోసం గౌరవంగా దాచాలి. మన నెల్లూరు కతోలిక దేవాలయాలలో దేనిలోకి వెళ్లినా పీఠం దగ్గర చిన్న తలుపున్న పెట్టె, దాని పక్కన ఎప్పుడూ వెలిగే దీపం కనిపిస్తాయి. జౌట్‌లేవ్‌లోని రాతి కట్టడం చేసే పని కూడా సరిగ్గా ఇదే. ఆ 18 మీటర్ల ఎత్తులో అసలు అవసరమైనది కింది భాగంలోని ఆ చిన్న అర ఒక్కటే, మిగతాదంతా దానికి పట్టిన గొడుగు.

ఇది అక్కడే ఎందుకు అంత పెద్దదైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. సత్ప్రసాదాన్ని ప్రత్యేకంగా గౌరవించే క్రీస్తు శరీర మహోత్సవం పుట్టింది ఇప్పటి బెల్జియంలోని లియేజ్ పట్టణంలోనే. జూలియానా అనే సన్యాసిని పట్టుదలవల్ల 1246లో లియేజ్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ పాలన కింది ప్రాంతం, ఆ పండుగను నెలకొల్పింది. అంతకు ముందు లియేజ్‌లో ఆర్చ్‌డీకన్‌గా, అంటే బిషప్ కింది పెద్ద అధికారిగా, పనిచేసిన వ్యక్తి తరువాత నాలుగవ ఉర్బన్ పోపు అయి, 1264లో దానిని సర్వసభకూ వర్తింపజేశారు. జౌట్‌లేవ్ ఆ రోజుల్లో లియేజ్ మేత్రాసనంలోనిదే. పండుగ వచ్చాక ప్రదక్షిణాలు, సత్ప్రసాదాన్ని అందరికీ చూపే పాత్రలు, భక్తసంఘాలు వరుసగా వచ్చాయి. సత్ప్రసాదం ఉండే చోటు అందరి కంటా పడాలన్న కోరిక బలపడి, బలిపీఠానికి దూరంగా, ఆలయం ఉత్తర భాగంలో విడిగా రాతి మందసాలు నిలబెట్టే ఆచారం ఆ ప్రాంతమంతటా వ్యాపించింది. మీ మేనల్లుడున్న లూవెన్‌లో, సెయింట్ పీటర్ చర్చిలో, 1450 నాటి ఇలాంటి మందసమే ఉంది. ఆ ఊరి ప్రసిద్ధ నగర భవనాన్ని పూర్తిచేసిన మాథ్యూ డి లాయెన్స్ పనితనం అది. పూర్తిగా గోథిక్ పద్ధతిలో, సూదిమొనల్లాంటి శిఖరాలతో ఉంటుంది.

జౌట్‌లేవ్ మందసం దానికి నూరేళ్ల తరువాతది. 1550 నుంచి 1552 వరకు ఆంట్వెర్ప్ శిల్పి కోర్నెలిస్ ఫ్లోరిస్ దానిని చెక్కించాడు. ఫ్లోరిస్ రోమ్ వెళ్లి అక్కడి ప్రాచీన శిల్పాన్ని చూసి వచ్చినవాడు. తరువాత ఆంట్వెర్ప్ నగర భవనానికి రూపకల్పన చేసినవాడూ ఆయనే. అందువల్ల ఆకారం పాత గోథిక్ మందసాలదే అయినా, దాన్ని కప్పిన అలంకారమంతా కొత్తది. స్తంభాలకు బదులు మనుషుల రూపాలు, పూలదండలు, తోలును మడిచి కత్తిరించినట్టుండే చట్రాలు, తొమ్మిది అంతస్తులలో రెండువందలకు పైగా బొమ్మలు. రాయి ఆవెన్ అనే చోటినుంచి వచ్చే మెత్తని తెల్ల సున్నపురాయి. గనినుంచి తీసినప్పుడు ఉలికి సులువుగా లొంగుతుంది, కాని వానకు ఎండకు ఆగదు. అటువంటి రాతిలో అంత సన్నని పని నిలిచింది కట్టడం లోపల ఉంది గనుకనే.

డబ్బు ఇచ్చినవారు ఓప్లింటర్ ప్రభువు మెర్టెన్ వాన్ విల్రె, ఆయన భార్య మరియా పిలిపెర్ట్. వారి సమాధి ఆ మందసం పక్కనే ఉంది. తమ అంతిమ నిద్ర సత్ప్రసాదానికి చేరువలో ఉండాలని, అక్కడ మోకరించే ప్రతివాడి ప్రార్థనలో తమ ఆత్మలకూ కొంత వాటా దక్కాలని వారు కోరుకున్నారు. అయితే ఇందులో భక్తి ఒక్కటే లేదని నా అభిప్రాయం. సత్ప్రసాదంలో క్రీస్తు నిజంగా ఉంటాడా లేదా అన్నదే ఆ దశాబ్దాల్లో అన్నిటికంటే పెద్ద తగాదా. ప్రొటెస్టంట్ భావాలు పట్టుకున్నవారికి మరణశిక్ష విధిస్తూ అయిదవ చార్లెస్ చక్రవర్తి కఠిన శాసనం జారీచేసినదీ ఆ 1550లోనే. అటువంటి సంవత్సరంలో ఒక ప్రభువు ఇంత ఎత్తైన మందసం కట్టించడమంటే తాను ఏ పక్షమో ఊరందరికీ చాటడమే.

గుండ్లకమ్మ ఒడ్డు, ప్రకాశం జిల్లా:

పైన పెన్నా తీరం గారు చెప్పినదంతా విలువైనదే. అయితే ఒక పక్షం మాటే వినపడుతున్నది గనుక రెండో పక్షం గురించి నాలుగు మాటలు చెప్పాలి. నేనూ బాప్టిస్టునే.

1566లో ప్రతిమలను పగలగొట్టినవారిని అల్లరిమూక అని తేల్చివేయడం సులువు. కాని వారిలో చాలామందికి నిర్గమకాండం ఇరవయ్యవ అధ్యాయం నాలుగవ వచనం కంఠస్థం. ఏ రూపమునైనను చేసికొనకూడదు, వాటికి సాగిలపడకూడదు అన్న ఆజ్ఞను వారు అక్షరాలా తీసుకున్నారు. శాసనాలకు భయపడి ఊళ్లలో కూడుకోలేక పొలాల్లో, కంచెల చాటున ప్రసంగాలు విన్నవారు వారు. పైగా అంతకు ముందరి చలికాలం ధాన్యం ధరలు మండిపోయి పేదలు ఆకలితో గడిపారు. రొట్టెకు గతిలేని ఊరిలో బంగారు రేకు పూసిన ప్రతిమలు కనబడుతుంటే కడుపు మండదా? ఆగస్టు 10న, ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న స్టీన్‌వోర్డ్ అనే ఊరిలో ప్రసంగం విన్న జనం పక్కనున్న ప్రార్థనాలయంపై పడడంతో ఇది మొదలైంది. ఆగస్టు 20న ఆంట్వెర్ప్ పెద్ద చర్చి, రెండు రోజులకు గెంట్. రెండు వారాలలోపే అంత దూరం పాకింది. కొన్ని పట్టణాల్లో అధికారులే పనివాళ్లను పెట్టించి ప్రతిమలను క్రమంగా దింపించారు కూడా.

ఇక మందసాల మీద వారి కోపం తక్కిన ప్రతిమల మీదకంటే ఎక్కువ. పరిశుద్ధుల ప్రతిమ అయితే ఒక మనిషి బొమ్మ. మందసంలో ఉన్నది దేవుడేనని బోధిస్తున్నారు కాబట్టి అదే అసలు విగ్రహమని వారి వాదం. ఫ్లోరిస్ పనితనాన్ని నేను మెచ్చుకోగలను. కాని దాని ముందు మోకరించమంటే మోకరించలేను.

పెన్నా తీరం, నెల్లూరు:

గుండ్లకమ్మ ఒడ్డు గారి మాటతో నాకు పెద్ద పేచీ లేదు. విరగ్గొట్టినవారికి ఆ వస్తువులు ఏమిటో బాగా తెలుసు, తెలిసే విరగ్గొట్టారు. ఇప్పుడు మ్యూజియంలో వాటిని చూసి అందంగా ఉన్నాయని వెళ్లిపోయే మనకంటే వారే వాటిని ఎక్కువ పట్టించుకున్నారని చెప్పవచ్చు.

రెండవ సందేహానికి వస్తాను. ఇది ఏ ఒక్కరో కాపాడిన కథ కాదు, అనేక గండాలు ఒకదాని తరువాత ఒకటి పక్కనుంచి పోయిన కథ. 1566లో ఆ కెరటం బ్రబంట్ ప్రాంతమంతటినీ ముంచలేదు. అప్పటి పాలకుడైన స్పెయిన్ రాజు తరఫు గవర్నరు కొలువుండే బ్రస్సెల్స్, విశ్వవిద్యాలయం ఉన్న లూవెన్ ఆ ఏడు తప్పించుకున్నాయి. జౌట్‌లేవ్ లూవెన్‌కు ఇంకా తూర్పున ఉంది. పడమటినుంచి వచ్చిన ఉద్యమం అక్కడికి చేరలేదు. కాని ఒక్క 1566 దాటితే సరిపోదు. 1570ల చివరినుంచి గెంట్, ఆంట్వెర్ప్, బ్రస్సెల్స్, మెహెలెన్ వంటి నగరాలు కొన్నేళ్లపాటు కాల్వినిస్టుల, అంటే కాల్విన్ బోధను అనుసరించే ప్రొటెస్టంట్ల, పాలనలోకి వెళ్లాయి. మొదటిసారి మిగిలినవి చాలావరకు అప్పుడు పోయాయి. 1585లో స్పెయిన్ సేనలు ఆంట్వెర్ప్‌ను తిరిగి పట్టుకున్నాక కతోలికులు ఖాళీ చర్చిలను మళ్లీ నింపుకున్నారు. అందుకే ఈనాడు బెల్జియంలో ఏ పెద్ద చర్చిలోకి వెళ్లినా కట్టడం పాత గోథిక్, లోపలి సామాను ఆ తరువాతి కాలపు ఆడంబరమైన బరోక్ శైలి. ఆంట్వెర్ప్‌లో రూబెన్స్ చిత్రించిన క్రీస్తు సిలువ అవరోహణం, 1612 నుంచి 1614 వరకు గీసినది, ఆ నింపుడులో భాగమే. ఆ ఖాళీలు లేకపోతే రూబెన్స్‌కు అంత పని దొరికేది కాదేమో.

మూడవ గండం ఫ్రెంచి విప్లవం. ఫ్రెంచి ప్రభుత్వం 1795లో ఆ దేశాన్ని తనలో కలుపుకొని చర్చి ఆస్తులను జాతీయం చేసింది, మఠాలను అమ్మివేసింది. లియేజ్ ప్రధాన దేవాలయమైన సెయింట్ లాంబెర్ట్‌ను నేలమట్టం చేశారు. ఇప్పుడు అక్కడ ఒక పెద్ద మైదానం మాత్రమే ఉంది. గెంట్‌లోని వాన్ ఐక్ సోదరుల 1432 నాటి పీఠచిత్రం 1566లో చర్చి గోపురంలోకి చేర్చడంవల్ల బతికింది గాని, దాని నడిమి పలకలను 1794లో పారిస్‌కు తీసుకుపోయారు. 1815లో గాని అవి తిరిగి రాలేదు. జౌట్‌లేవ్ ఈ గండమూ దాటింది.

వీటన్నిటి కింద నాకు కనిపించే కారణం ఒకటుంది. అది పేదరికం. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో బ్రూజ్, కొలోన్ నగరాల మధ్య నడిచే వర్తకం మీద, ఉన్ని బట్టల మీద ఆ ఊరు బాగా సంపాదించింది. పదమూడవ శతాబ్దంలో మొదలైన ఆ చర్చి ఆ సంపదతోనే లేచింది. తరువాత వర్తకం వేరే దారి పట్టింది, బట్టల పరిశ్రమ కుంగింది. యాత్రికుల కానుకల పుణ్యమా అని చర్చికి మాత్రం పదహారవ శతాబ్దం నడుమ దాకా రాబడి తగ్గలేదు. ఆ పైన అదీ సన్నగిల్లింది. డబ్బున్న విచారణలైతే, అంటే ఒక్కొక్క ఊరి చర్చి సంఘాలైతే, పాతవి తీసేసి కాలానికి తగిన కొత్త పీఠాలు పెట్టుకునేవి. ఇక్కడ ఆ స్తోమత లేక పాతవాటితోనే పూజలు నడుపుకున్నారు. మన దగ్గర కూడా జీర్ణోద్ధరణ పేరుతో పాత మండపాలకు గ్రానైటు పలకలు, సిరామిక్ టైల్స్ వేసేది డబ్బు వచ్చాకే గదా.

ఉదయగిరి నగిషీ, నెల్లూరు జిల్లా:

రాతి సంగతి పెద్దలు చెప్పారు. నేను కర్రపని చేసే కుటుంబంవాడిని గనుక కర్ర సంగతి చెబుతాను. ఆ చర్చిలో మందసానికి ఎంత పేరున్నా, నా కళ్లు ముందు పోయేది చెక్కపీఠాల మీదికే. పదిహేను, పదహారు శతాబ్దాల్లో బ్రస్సెల్స్, ఆంట్వెర్ప్, మెహెలెన్ పట్టణాలు ఇలాంటి పీఠాలను ఐరోపా అంతటికీ ఎగుమతి చేసేవి. ఓక్ కర్రతో పెద్ద పెట్టె, దానిలో గదులు, ఒక్కొక్క గదిలో చిన్న చిన్న బొమ్మలతో ఒక దృశ్యం, రెండు పక్కల రంగులు వేసిన తలుపులు. మామూలు రోజుల్లో తలుపులు మూసి ఉంచి పండుగలకు తెరిచేవారు.

ఒక బొమ్మ తయారయ్యే తీరు చూడండి. ముందు వడ్రంగి పెట్టె చేస్తాడు. తరువాత నగిషీవాడు బొమ్మను చెక్కుతాడు. పెద్ద ప్రతిమలైతే వీపు భాగాన్ని లోపలికి తొలిచేస్తాడు, ఎందుకంటే కర్ర గుండె భాగం అలాగే ఉంటే ఆరేకొద్దీ నిలువునా పగులుతుంది. ఆ మాట మా ఇళ్లలో పిల్లవాడిని అడిగినా చెబుతాడు. దానిపైన సుద్ద, జిగురు కలిపిన పూత పలుమార్లు వేసి నునుపు చేస్తారు. బంగారం రావలసిన చోట మెత్తని ఎర్రమట్టి పూసి, దానిమీద బంగారు రేకు అంటించి, నున్నని రాతితో రుద్ది మెరుగు తెస్తారు. ఎర్రమట్టి లేకపోతే బంగారం పచ్చగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఇవన్నీ వేర్వేరు మనుషుల పనులు, వేర్వేరు సంఘాల కట్టుబాట్లు.

ఇంకొక వివరం మీ మేనల్లుడికి తప్పక చెప్పండి. ఆ పనిలో మోసం జరగకుండా పట్టణాల వృత్తిసంఘాలు ముద్రలు వేసేవి. ఆంట్వెర్ప్ కర్రకు అరచేయి గుర్తు, రంగులు కూడా సరిగా ఉన్నాయంటే కోట, దానిపైన రెండు చేతులు. బ్రస్సెల్స్‌లో చెక్కినదానికి చిన్న కొయ్య సుత్తి గుర్తు, వడ్రంగం పనికి వృత్తలేఖిని, చిత్రిక, రంగులకు ఊరి పేరే ముద్ర. చాలాసార్లు ఇవి బొమ్మ తలమీదనో, పెట్టె అంచునో గోరంత ప్రమాణంలో ఉంటాయి. మా ఉదయగిరి చెక్క చెంచాలకు ఈ కాలంలో వచ్చిన భౌగోళిక గుర్తింపు చేసే పనిని ఆ ముద్రలు అయిదువందల ఏళ్ల కిందటే చేశాయి.

ఒంగోలు చదువరి:

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. ఇంకొక్కటి అడుగుతాను. మావాడు మళ్లీ వెళతానంటున్నాడు. మందసం, చెక్కపీఠాలు కాక ఆ చర్చిలో ఆగి చూడవలసినవి ఏవి? అన్నట్టు, ఈ లియోనార్డు ఎవరు?

కావలి ప్రవాసి, లూవెన్:

చదువరి గారూ, నేను కావలివాడిని, ఉద్యోగరీత్యా లూవెన్‌లో ఉంటున్నాను. ఆ చర్చి నాకు బాగా పరిచయం.

లియోనార్డు ఆరవ శతాబ్దంలో ఇప్పటి ఫ్రాన్సులో నివసించిన ఏకాంతవాసి అని చెబుతారు. ఫ్రాంకుల రాజు క్లోవిస్ ఆయనకు జ్ఞానతండ్రి అని, ఆయన ఎవరిని విడిపిస్తే వారికి చెర తప్పుతుందని రాజు మాట ఇచ్చాడని ఐతిహ్యం. అందువల్ల ఖైదీలకు పాలక పునీతుడయ్యాడు. ఆయన ప్రతిమ ఎక్కడ కనిపించినా చేతిలో సంకెళ్లు ఉంటాయి. జౌట్‌లేవ్‌లో ఉన్న ప్రతిమ పద్నాలుగవ శతాబ్దం నడిమిది. ఈ ఊరికి యాత్రికులను తెచ్చినదీ, వారి కానుకలతో మిగతా కళాఖండాలను చేయించినదీ ఒక విధంగా ఆ ప్రతిమే. పైన పెన్నా తీరం గారు వర్తకం గురించి చెప్పారు గాని, యాత్రికుల రాబడికి ఇంకొంచెం పెద్దపీట వేయాలని నా మనవి.

తరువాత పాస్కా దీపస్తంభం చూడాలి. 1482, 1483 సంవత్సరాల్లో బ్రస్సెల్స్‌లో పనిచేసే రెనియర్ వాన్ తీనెన్ దానిని ఇత్తడితో పోతపోశాడు. ఎత్తు అయిదున్నర మీటర్లకు పైనే. పాదం దగ్గర సింహాలు నడుము వంచి బరువు మోస్తుంటాయి. మధ్యలో కొమ్మల్లా చాచిన దీపాలు, వాటి మీద సిలువ వేయబడిన క్రీస్తు, దగ్గరలో మరియ మాత, యోహాను, మగ్దలా మరియ. అన్నిటికీ పైన ఈస్టరు పండుగకు వెలిగించే పెద్ద కొవ్వొత్తికి చోటు. ఫోటోలో ఇది మామూలు దీపపు స్తంభంలా కనిపిస్తుంది. పక్కన నిలబడి తల పైకెత్తితే గాని, ఆ కొవ్వొత్తి వెలిగించడానికి కూడా నిచ్చెన కావాలన్న సంగతి తట్టదు. ఆ కాలపు ఇత్తడి సామాను చాలావరకు కరిగించి ఫిరంగులకో నాణేలకో వాడేశారు కాబట్టి ఇంత పెద్దది మిగలడం అరుదు.

మందిరం మధ్యలో పైనుంచి వేలాడే మరియ మాత ప్రతిమను చాలామంది చూడకుండానే దాటిపోతారు. 1530ల మొదట్లో చేసినది. నిజానికి రెండు ప్రతిమలు వీపు వీపు ఆనించి ఉంటాయి, చుట్టూ సూర్యకిరణాలు. లోపలికి వచ్చేవారికీ, బలిపూజ ముగించుకొని బయటికి వెళ్లేవారికీ తల్లి ముఖమే కనిపించాలని అలా చేశారు. అలాంటివాటిని గోడకు ఆనించి మ్యూజియంలో పెడితే ఆ ఉద్దేశం నెరవేరదు. జౌట్‌లేవ్ గొప్పతనమంతా ఇందులో ఉందని నాకనిపిస్తుంది. వస్తువులు అందమైనవి కావడమే కాక, ఏ పనికి చేశారో ఆ పనిలో, ఆ స్థలంలోనే ఉన్నాయి.

లూవెన్‌లోనే ఉన్నాడు గనుక మీవాడు ముందుగా సెయింట్ పీటర్ చర్చిలో డీరిక్ బౌట్స్ చిత్రించిన కడరాత్రి భోజనాన్ని చూసి వెళ్లడం మంచిది. దివ్యసత్ప్రసాద సహవాసం 1464లో ఆ పని అప్పగించింది. ప్రతిఫలం 200 రైన్ గిల్డర్లు. పని పూర్తయ్యేదాకా మరొక చిత్రం చేపట్టకూడదనీ, ఇద్దరు వేదశాస్త్ర ఆచార్యుల సలహా ప్రకారమే గీయాలనీ ఒప్పందంలో ఉంది. ప్రభువు అప్పాన్ని ఆశీర్వదించే ఘడియ నడుమ ఉంటుంది. పక్క పలకల్లో అబ్రాహాముకు మెల్కీసెదెకు రొట్టె ద్రాక్షారసం ఇవ్వడం, ఇశ్రాయేలీయుల పస్కా భోజనం, అరణ్యంలో మన్నా, ఏలీయాకు దేవదూత రొట్టె తేవడం. పాత నిబంధనలోని ప్రతి రొట్టె ఈ బల్ల మీది రొట్టెకు ముందుచూపు అన్న బోధ అది. ఆ నాలుగు దృశ్యాలు బుర్రలో పెట్టుకొని వెళితే ఫ్లోరిస్ మందసం మీద పాత నిబంధన బొమ్మలు ఎందుకున్నాయో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పక్క పలకలు పంతొమ్మిదవ శతాబ్దంలో జర్మనీకి అమ్ముడుపోయి, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వర్సాయ్ సంధి షరతు ప్రకారం తిరిగొచ్చాయి. రెండవ యుద్ధంలో మళ్లీ పట్టుకుపోయారు. 1945లో మళ్లీ వచ్చాయి.

గుండ్లకమ్మ ఒడ్డు, ప్రకాశం జిల్లా:

ప్రవాసి గారూ, ఇప్పటికీ అక్కడ ఆరాధన జరుగుతుందా, లేక టికెట్టు పెట్టిన ప్రదర్శనశాల అయిపోయిందా? మీరు చెప్పిన గొప్పతనం దాని మీదే ఆధారపడి ఉంది గదా.

కావలి ప్రవాసి, లూవెన్:

అది ఇప్పటికీ విచారణ దేవాలయమే అండి. యూరప్ అంతటా ఉన్నట్టే వచ్చేవారు తగ్గారు, మామూలు రోజుల్లో సందర్శకులే ఎక్కువ. గంటల గోపురంతో సహా ఆ చర్చిని 1999లో బెల్జియం గంటగోపురాల జాబితాలో చేర్చి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. మందసానికి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పూర్తి ఎత్తు ప్లాస్టర్ అచ్చు ఉంది. లండన్‌లో బంధువులున్నవారు దాన్ని చూడవచ్చు గాని, దానిలో దాచుకునేది ఏదీ లేదు.

చదువరి గారి మేనల్లుడికి దారి చెబుతాను. జౌట్‌లేవ్‌కు రైలు లేదు. లూవెన్‌నుంచి తీనెన్ దాకా రైల్లో వెళ్లి అక్కడ బస్సు ఎక్కాలి. తెరిచి ఉంచే వేళలు కాలాన్నిబట్టి మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కోవాలి. పెంతెకోస్తు మరునాటి సోమవారం పునీత లియోనార్డు ప్రతిమను ఊరిలో ప్రదక్షిణంగా తీసుకువెళతారు, అది చూడదగినదే. అయితే ఆ రోజు జనం మధ్య మందసం దగ్గర నిలబడి ఒక్కొక్క అంతస్తూ చూడడం కుదరదు గనుక, శిల్పాల కోసమే అయితే మరొక రోజు ఎంచుకోమనండి. చిన్న దుర్భిణి ఒకటి వెంట తీసుకుపొమ్మని కూడా చెప్పండి, పై అంతస్తుల బొమ్మలు ఉత్త కంటికి అందవు.